ఒకే రంధ్రంలో అయిదు కుట్లు

పాప్‌కార్న్ కుట్టులో కొత్త కుట్టంటూ ఏదీ లేదు. గొలుసు వేయడం, పొడుగు కుట్టు వేయడం వచ్చినవాళ్ళకి అందులో ఉన్నవన్నీ ముందే వచ్చు. అయినా దిండు గలేబు మీదో బల్లగుడ్డ మీదో వరసగా ఉబ్బి ఉన్న ఆ బుడిపెలు చూడగానే "ఇది మనవల్ల అయ్యే పని కాదు" అనేసి, మళ్ళీ పాత గొలుసుల దగ్గరికే వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. చూడ్డానికి గొప్పగా ఉన్నదల్లా చేయడానికీ కష్టంగానే ఉంటుందని మనకో నమ్మకం. అది తప్పని చూపించడానికి క్రోషేలో ఇంతకంటే తేలికైన రుజువు దొరకదు.

అలాగని కష్టమే లేదని చెప్పను. ఉంది, కానీ మనం భయపడే చోట లేదు. బుడిపె వేయడం ఒక సాయంత్రంలో పట్టుబడుతుంది. ఆ బుడిపెకీ పక్క బుడిపెకీ మధ్య ఉండే సాదా కుట్లు, వాటి మీద వచ్చే సాదా వరస, వీటిని ఒకే బిగువుతో, లెక్క తప్పకుండా వేయడానికే ఓపిక కావాలి. పాడైన ముక్కను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూడండి. బుడిపెలు నిక్షేపంగా ఉంటాయి. వాటి కింది నేల చెడి ఉంటుంది. ఒకవైపు వెడల్పు పెరిగో, అంచు లోపలికి లాక్కుపోయో, వరసలు వంకర తిరిగో ఉంటుంది. అందుకే ఈ అధ్యాయంలో బుడిపె గురించి ఎంత చెబుతానో, నేల గురించి అంతకంటే ఎక్కువ చెబుతాను.

ముందు పేర్ల గొడవ ఒకటి తేల్చుకోవాలి, లేకపోతే దారం అంతా వృథా. అమెరికా వాళ్ళు 'సింగిల్ క్రోషే' అనే పొట్టి కుట్టును బ్రిటన్‌లో 'డబుల్ క్రోషే' అంటారు. అమెరికా వాళ్ళ 'డబుల్ క్రోషే' బ్రిటన్‌కి వెళ్ళేసరికి 'ట్రెబుల్' అవుతుంది. ఒకే పేరు, రెండు వేర్వేరు ఎత్తులు. మన దగ్గర దొరికే పుస్తకాలూ కాగితాలూ రెండు దేశాల నుంచీ వస్తాయి కాబట్టి నమూనా చేతికి రాగానే అందులో 'సింగిల్ క్రోషే' అన్న మాట ఉందో లేదో వెతకండి. ఉంటే అది అమెరికా లెక్క అని దాదాపుగా అనుకోవచ్చు, ఇప్పటి బ్రిటన్ నమూనాల్లో ఆ పేరుతో కుట్టు కనిపించదు. ఇక్కడ నేను 'పొట్టి కుట్టు' అంటే అమెరికా సింగిల్, 'పొడుగు కుట్టు' అంటే అమెరికా డబుల్. హుక్కు మీద దారం ఒకసారి చుట్టుకుని, కుట్టులోకి దించి దారం లాగి, ఆపైన రెండేసి లూపుల చొప్పున రెండుసార్లు లాగితే పొడుగు కుట్టు పూర్తవుతుంది. అది చూడకుండా వేయగలిగితే ముందుకు సాగండి. వేయలేకపోతే ఈ అధ్యాయాన్ని వారం పక్కన పెట్టి, పొడుగు కుట్టుతో చేతిరుమాలంత ముక్క ఒకటి అల్లి రండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నూలుదైతే ఆ ముక్క మడిచి వంటింట్లో వేడి గిన్నెలు దించడానికి పనికొస్తుంది.

బుడిపె ఎందుకు లేస్తుందో తెలిస్తే చేతికి పని సులువవుతుంది. మామూలుగా కింది వరసలోని ఒక్కో కుట్టులో ఒక్కో కుట్టు వేస్తాం. అందువల్ల బట్ట చదునుగా ఉంటుంది. ఒక కుట్టు పట్టే చోట అయిదు కుట్లు వేస్తే అవి పక్కకి పరుచుకోవడానికి చోటుండదు. ఊరికే వదిలేస్తే విసనకర్రలా విచ్చుకుంటాయి. వరస పొడుగునా ఇలాగే చేస్తూ పోతే బట్ట అలలు అలలుగా ముడతలు పడుతుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన దాయినా తైమినా అనే లాత్వియా గణితజ్ఞురాలు 1997లో ఈ సంగతినే పట్టుకున్నారు. ప్రతి వరసలోనూ ఒక లెక్క ప్రకారం కుట్లు పెంచుకుంటూ పోయి, హైపర్‌బోలిక్ తలం అనే వంకర ఉపరితలానికి చేతితో పట్టుకోగలిగే నమూనా అల్లారు. కాగితంతో చేస్తే చిరిగిపోయే ఆ ఆకారం దారంతో నిలబడింది. పాప్‌కార్న్‌లో మనం చేసేది ఇందులో సగమే. కుట్లు ఎక్కువ వేస్తాం, కానీ వాటిని విచ్చుకోనివ్వం. అయిదింటిలో మొదటిదాని తలనీ చివరిదాని తలనీ కలిపి బిగించేస్తాం. పక్కకి వెళ్ళే దారి మూసుకుపోయాక ఆ అయిదూ ముందుకు పొంగుతాయి. అంతే రహస్యం.

ఈ సంగతి నుంచే ఇంకో ఉపయోగం కూడా దొరుకుతుంది. నేల ఎంత పొట్టిగా ఉంటే బుడిపె అంత ఎత్తుగా కనిపిస్తుంది. పొడుగు కుట్ల మధ్య పొడుగు కుట్ల పాప్‌కార్న్ వేస్తే అది ఒద్దికగా ఉంటుంది. అదే పాప్‌కార్న్ పొట్టి కుట్ల మధ్య వేస్తే, దాని పొడవుకి చుట్టుపక్కల చోటు చాలక మధ్యకి వంగి బాగా బయటికి పొడుచుకొస్తుంది. దిండు గలేబుకి మొదటిది, గోడకి తగిలించే అలంకారానికి రెండోది అని నా అభిప్రాయం. దిండు మీద తల పెట్టేవాళ్ళ చెంపల గురించి కూడా ఆలోచించాలి కదా.

ఇక సరంజామా. నేర్చుకునేటప్పుడు సన్న లేసు దారం జోలికి వెళ్ళకండి. మధ్యరకం మందం ఉన్న నూలు దారమో ఊలో తీసుకోండి, దానికి 4 మిల్లీమీటర్ల హుక్కు సరిపోతుంది. దారం నున్నగా, గట్టిగా పేనినదై ఉండాలి. వదులుగా పేనిన దారంలోకి హుక్కు దూరి పోగులు చీలుస్తుంది, పాప్‌కార్న్‌లో ఒక లూపు వదిలి మళ్ళీ పట్టుకోవాల్సి ఉంటుంది కాబట్టి ఆ చీలిక మరీ విసిగిస్తుంది. రంగు లేతగా, ఒకే రంగుగా ఉండాలి. మీగడ రంగు, లేత పసుపు, బూడిద, ఏదైనా సరే. బుడిపె కనిపించేది దాని పక్కన పడే నీడ వల్ల. నల్లదారంలో నీడ కనిపించదు. రంగులు మారిపోయే దారంలో నీడేదో రంగేదో తెలియదు. బజారులో కళ్ళకి ముచ్చటగా కనిపించే ఆ ఏడు రంగుల ఉండను సాదా అల్లికలకి దాచుకోండి. వీటితో పాటు ఒక పిన్నీసు కూడా దగ్గర పెట్టుకోండి, ఎందుకో ఇప్పుడే తెలుస్తుంది.

ఒక్క బుడిపె వేద్దాం. పొడుగు కుట్ల వరస ఒకటి అల్లి, తిప్పి, రెండో వరసలో నాలుగైదు పొడుగు కుట్లు వేసి ఆగండి. తర్వాతి కుట్టులో ఒక పొడుగు కుట్టు వేయండి. అదే రంధ్రంలో ఇంకోటి. అదే రంధ్రంలో మరో మూడు. మొత్తం అయిదు. మూడోది వేసేటప్పటికే రంధ్రం ఇరుకైనట్టు అనిపిస్తుంది, ఎడమచేతి వేలితో ముందు వేసినవాటిని కొంచెం కుడివైపుకి జరిపితే చోటు దొరుకుతుంది. ఎడమచేతి వాటం వాళ్ళు ఈ కుడి ఎడమలు రెండూ తారుమారు చేసి చదువుకోవాలి.

అయిదోది అయ్యాక హుక్కు మీద ఒక లూపు ఉంటుంది. దాన్ని రవ్వంత వదులు చేసి హుక్కు బయటికి తీసేయండి. చాలామంది జంకేది ఇక్కడే. క్రోషేలో హుక్కు మీద లూపే మన ప్రాణం, దాన్ని వదిలేయమంటే చెయ్యి ఒప్పుకోదు. అందుకే పిన్నీసు. మొదట్లో ఆ లూపుకి పిన్నీసు తగిలించి వదలండి, ఎవరైనా తలుపు కొట్టినా, పిల్లలు దారం లాగినా ఏమీ కాదు. నాలుగు బుడిపెలు అయ్యేసరికి పిన్నీసు అక్కర్లేదని మీకే తోస్తుంది.

ఇప్పుడు ఖాళీ హుక్కును అయిదింటిలో మొట్టమొదటి కుట్టు తలలోకి, ముందువైపు నుంచి వెనక్కి దించండి. తల అంటే పైన జడలా కనిపించే రెండు పోగులు. రెండింటి కిందుగానూ హుక్కు పోవాలి, ఒక్క పోగు పట్టుకుంటే తర్వాత అక్కడ చిన్న కన్నం పడుతుంది. వదిలేసిన లూపును హుక్కుతో అందుకుని, దాని వదులు తీసేసి, మొదటి కుట్టు తలలోంచి ఇవతలికి లాగండి. అయిదు కుట్లూ ఒక్కసారిగా ముడుచుకుని మీ వైపుకి పొంగుతాయి. ఒక గొలుసు వేసి గట్టిగా బిగించండి, అది తాళం. తాళం వదులుగా ఉంటే బుడిపె రెండు ఉతుకులకే నోరు తెరుస్తుంది.

బాగా వచ్చింది కదా? ఇప్పుడు దాన్ని విప్పేయండి. దారం మెల్లగా లాగండి, తాళం ఊడుతుంది, ఆ తర్వాత లూపు వెనక్కి జారుతుంది, అయిదు కుట్లూ ఒక్కొక్కటిగా విడిపోతాయి. ఎక్కడా ముడి పడదు. మళ్ళీ వేయండి. ఈసారి ఇదే వరసలో మూడేసి సాదా కుట్ల ఎడంతో నాలుగు కుట్ల బుడిపె ఒకటి, అయిదు కుట్లది ఒకటి, ఏడు కుట్లది ఒకటి వేసి పక్కపక్కన చూడండి. నాలుగు కుట్లది సన్నగా, మొహమాటంగా ఉంటుంది. ఏడు కుట్లది కింది రంధ్రాన్ని సాగదీసి, పక్క కుట్లను నొక్కేస్తుంది. నమూనాల్లో ఎక్కువగా అయిదే ఎందుకు ఉంటుందో పుస్తకం చెప్పకుండానే మీ వేళ్ళకి తెలుస్తుంది. 'ఇలా చేయి' అన్న సూచనను ఒకసారి కావాలని మీరి చూస్తే, అది ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. మీరడానికి క్రోషే కంటే చవకైన చోటు లేదు.

విప్పడం గురించి ఇంకొంచెం చెప్పాలి. రెండు సూదుల అల్లికలో సూది మీద వరసకి వరసంతా లూపులు తెరుచుకుని ఉంటాయి, ఒకటి జారితే నిచ్చెనలా కిందిదాకా ఊడుకుంటూ పోతుంది. క్రోషేలో తెరుచుకుని ఉండేది ఎప్పుడూ ఒక్క లూపే. ఎంతవరకు విప్పాలో అంతవరకే విప్పి, హుక్కు పెట్టి, మళ్ళీ మొదలుపెట్టవచ్చు. గుండీ కోసం బట్ట కత్తిరించాక వెనక్కి రాలేం, కూరలో ఉప్పు ఎక్కువైతే తీయలేం. ఇక్కడ తప్పుకి అయ్యే ఖర్చు మీ పది నిమిషాలు మాత్రమే. అయినా జనం విప్పరు. "ఎవరు చూస్తార్లే" అని ముందుకు పోతారు. ఆరు వరసల తర్వాత ఆ ఒక్క కుట్టు తేడా అంచు దగ్గర తేలి, అప్పుడు ఆరు వరసలూ విప్పాల్సి వస్తుంది. తొందరగా విప్పినవాళ్ళు తక్కువ విప్పుతారు. ఒక్క జాగ్రత్త: నూగు ఎక్కువగా ఉన్న మెత్తటి ఊలు పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, దాన్ని పదేపదే విప్పితే చిట్లిపోతుంది. నేర్చుకునేటప్పుడు నున్నటి, గట్టిగా పేనిన దారం వాడమనడానికి ఇదీ ఒక కారణం.

ఇక నమూనా ముక్క. 21 గొలుసులు వేయండి. హుక్కు నుంచి నాలుగో గొలుసులో మొదటి పొడుగు కుట్టు, ఆపైన చివరిదాకా ఒక్కో గొలుసుకి ఒక్కోటి. వదిలేసిన మూడు గొలుసులూ కలిసి ఒక పొడుగు కుట్టు కింద లెక్క. మొత్తం 19. ఈ 19 అనే అంకె ఈ ముక్క పూర్తయ్యేదాకా మారకూడదు. రెండో వరసకి తిప్పి, మూడు గొలుసులు వేయండి, అది మొదటి కుట్టు. తర్వాతి రెండింటిలో రెండు పొడుగు కుట్లు. ఇప్పుడు ఒక పాప్‌కార్న్, మూడు పొడుగు కుట్లు, మళ్ళీ పాప్‌కార్న్, మూడు పొడుగు కుట్లు, ఇలా నాలుగుసార్లు. చివరి పొడుగు కుట్టు కింది వరస మొదట్లో వేసిన మూడు గొలుసుల నెత్తిన పడాలి, దాన్ని మరిచిపోతే వరసకొక కుట్టు తగ్గిపోతుంది. మూడో వరస పూర్తిగా సాదా, 19 పొడుగు కుట్లు. నాలుగో వరసలో బుడిపెలు కింది బుడిపెల మధ్య ఖాళీల్లో రావాలి కాబట్టి మొదటి మూడు గొలుసులతో కలిపి అయిదు సాదా కుట్లు వేసి, పాప్‌కార్న్, మూడు సాదా, పాప్‌కార్న్, మూడు సాదా, పాప్‌కార్న్, చివర అయిదు సాదా. కూడి చూడండి, 19. అయిదో వరస మళ్ళీ సాదా. ఆరో వరస రెండో వరసలాగే. వెడల్పు పెంచాలంటే నాలుగేసి కుట్లు కలుపుకుంటూ పోండి, మొదటి గొలుసులు మాత్రం కుట్ల సంఖ్య కంటే ఎప్పుడూ రెండు ఎక్కువ.

బుడిపెలన్నీ రెండు, నాలుగు, ఆరు వరసల్లోనే రావడం గమనించారా? అవన్నీ బట్ట ముందువైపు మనకి ఎదురుగా ఉన్నప్పుడు వేసే వరసలు. తిప్పినప్పుడు వచ్చే వెనకవైపు వరసలను సాదాగా వదిలేశాం. ఎప్పుడైనా నమూనా వెనకవైపు వరసలో కూడా పాప్‌కార్న్ అడిగితే చేయాల్సిన మార్పు ఒక్కటే. లూపు వదిలాక హుక్కును మొదటి కుట్టు తలలోకి వెనక నుంచి ముందుకి దించాలి. అప్పుడు బుడిపె మీకు అవతలివైపుకి, అంటే బట్ట ముఖం వైపుకి పొంగుతుంది. ముక్కలో కొన్ని బుడిపెలు ముందుకీ కొన్ని వెనక్కీ వెళ్తుంటే మీకు కుట్టు రాక కాదు, హుక్కు దించిన దిక్కు మారింది.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వచ్చాం. మూడో వరస. చూడ్డానికి ఏమీ లేని వరస. పాప్‌కార్న్ వరస వేస్తున్నప్పుడు మనసు దానంతటదే పని మీద ఉంటుంది, సాదా వరస రాగానే టీవీ వైపు తిరుగుతుంది. తప్పు దొర్లేది అక్కడ. కింద బుడిపె ఉన్న చోట పైన ఎన్ని కుట్లు వేయాలి? ఒక్కటే, తాళం వేసిన ఆ గొలుసు మీద. కానీ బుడిపె నెత్తిన రెండు మూడు జడపోగులు కనిపిస్తాయి. తాళంలో ఒకటి, దాని పక్కన బుడిపె తలలో ఇంకోటి వేసేస్తాం. నాలుగు బుడిపెలకి నాలుగు కుట్లు పెరిగి 23 అవుతాయి, ముక్క పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. లేదా తాళాన్ని దాటేసి వెళ్ళిపోతాం, 15కి పడిపోతుంది, ముక్క కూచిగా తేలుతుంది. కాబట్టి సీరియల్ చూస్తూ అల్లే అలవాటున్నవాళ్ళకి నా సలహా కాస్త విడ్డూరంగా ఉంటుంది: బుడిపెల వరసలో చూస్తే చూడండి, సాదా వరసలో మాత్రం టీవీ ఆపండి. వరస చివర 19 లెక్కపెట్టకుండా తిప్పకండి. లెక్క నోటితో పైకి అనుకుంటే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

బిగువు సంగతి కూడా ఇక్కడే. లూపు వదిలి పట్టుకునేటప్పుడు దాన్ని వదులు చేస్తాం కదా, ఆ వదులు పూర్తిగా తీయకపోతే బుడిపె పక్కన కన్నం తేలుతుంది. ఆ కన్నం చూసి భయపడి కొందరు తాళంతో పాటు తర్వాతి సాదా కుట్లను కూడా బిగించేస్తారు. బుడిపెల వరస ఇరుకై, సాదా వరస వెడల్పై, అంచు అలలు తిరుగుతుంది. బిగించాల్సింది తాళం ఒక్కటే. ఆ వెంటనే వేళ్ళు సడలించి, పక్క కుట్టును ఎప్పటి బిగువుతోనే వేయాలి. గట్టి తర్వాత మామూలు, మళ్ళీ గట్టి, మళ్ళీ మామూలు. చెయ్యి ఈ మార్పుకి అలవాటు పడడానికి బుడిపె నేర్చుకున్నదానికంటే ఎక్కువ రోజులే పడుతుంది.

"రోజూ గంటసేపు సాధన చేయండి" అని ఇలాంటి పుస్తకాల్లో రాస్తుంటారు. సంసారం ఉన్న ఇంట్లో ఆ గంట ఎవరికి దొరుకుతుందో రాసినవాళ్ళనే అడగాలి. దొరికినంత సేపు అల్లండి, కానీ ఆపే చోటు మాత్రం మీరే ఎంచుకోండి. సాదా వరస పూర్తిచేసి, 19 సరిచూసి, తర్వాతి వరస సంఖ్య చీటీ మీద రాసి, ఆ చీటీని పిన్నీసుతో ముక్కకే తగిలించి లేవండి. బుడిపె మధ్యలో లేచినవాళ్ళు తిరిగి వచ్చాక నాలుగో కుట్టా అయిదో కుట్టా అని తేల్చుకోలేక పావుగంట పోగొట్టుకుంటారు.

దారం ఎంత పడుతుందన్నది కొనేముందే చూసుకోవాలి. మన ముక్కలో నాలుగు వరసల ఆవృత్తం తీసుకోండి. అంతా సాదాగా అల్లితే 19 చొప్పున 76 కుట్లు. బుడిపెలతో అయితే రెండో వరసలో 15 సాదా కుట్లు, నాలుగు బుడిపెలకి 20 కుట్లు, వెరసి 35. నాలుగో వరసలో 16, బుడిపెలకి 15, వెరసి 31. సాదా వరసలు రెండూ కలిపి 38. మొత్తం 104. అంటే 76 కుట్ల చోట 104 కుట్ల దారం. సాదా గలేబుకి 100 గ్రాములు పట్టేచోట దీనికి దగ్గరదగ్గర 140 గ్రాములు ఉంచుకోవాలి. ఒకే రంగు దారమైనా కొట్లో తర్వాత వచ్చే సరుకులో ఛాయ మారవచ్చు, కాబట్టి మొత్తం ఒకేసారి, చీటీ మీద లాట్ నంబరు ఒకటే ఉన్నవి చూసి కొనండి.

పాప్‌కార్న్‌కి ఇద్దరు చుట్టాలున్నారు. ఒకటి బాబుల్. ఇందులో అయిదు పొడుగు కుట్లనూ పూర్తిచేయకుండా ఒక్కోదానికి చివరి లూపు హుక్కు మీదే ఉంచుకుంటూ పోయి, ఆరు లూపులు అయ్యాక ఒక్క దెబ్బలో అన్నింట్లోంచి దారం లాగేస్తారు. ఇది వేసేవాళ్ళకి అవతలివైపు పొంగుతుంది కాబట్టి వెనకవైపు వరసల్లో వేస్తారు. రెండోది పఫ్. దారం చుట్టుకోవడం, దించి పొడుగ్గా లాగడం, ఇంతే. నాలుగుసార్లు చేస్తే హుక్కు మీద తొమ్మిది లూపులు, ఒకేసారి మూసేయాలి. మెత్తగా, దూదిలా ఉంటుంది, పసిపిల్లల వస్తువులకి ఇదే మేలు. గట్టిగా, విడిగా, వేలికి తగిలేలా ఉండాలంటే మాత్రం పాప్‌కార్న్‌కి సాటి లేదు. పటం గుర్తుల్లో ఈ మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, పక్కన ఇచ్చే గుర్తుల వివరణ చూడకుండా మొదలుపెట్టవద్దు.

ఈ పని మనకి పరాయిది కూడా కాదు. 1840ల కరువులో ఐర్లండు ఆడవాళ్ళకి కూడు పెట్టిన క్రోషే లేసు, ఆ శతాబ్దంలోనే క్రైస్తవ మిషనరీల చేతుల మీదుగా గోదావరి డెల్టాకి కూడా వచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మమ్మ నుంచి మనవరాలికి దిగుతూ వచ్చిన ఆ సన్న నూలు లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు కంటే ఎంతో ముందు, 1982లో, జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ మీద పుస్తకం రాశారు. పొద్దస్తమానం అల్లి విదేశాలకి సరుకు పంపుతున్న ఆడవాళ్ళని పనివాళ్ళుగా లెక్కించకుండా, ఇంటిపని అయ్యాక తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకునే గృహిణులుగానే చూశారనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ చూపే కారణమనీ అందులో వాదించారు.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళకి ఈ సంగతి ఎందుకంటే, మీ మొదటి గలేబు చూసి ఎవరో ఒకరు "నాకూ ఒకటి అల్లిపెట్టవా, దారం డబ్బులు ఇస్తాను" అంటారు. బట్టను అల్లే యంత్రాలు ఎన్నో ఉన్నాయి. హుక్కుతో వేసే అసలు క్రోషేను వేసే యంత్రం మాత్రం పరిశ్రమలో వాడుకలోకి రాలేదు, బజారులో క్రోషేలా కనిపించే యంత్రపు లేసు అల్లిక వేరు. కాబట్టి అసలు పాప్‌కార్న్ బుడిపెలున్న వస్తువు ఎక్కడ చవగ్గా దొరికినా, అక్కడ ఎవరి చేతికో కూలి తగ్గిందని అర్థం. నాలుగు వరసల ఆవృత్తానికి మీకు ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి ఒకసారి చూసుకోండి. గలేబులో అలాంటివి ఎన్ని ఉన్నాయో గుణించండి. గంటకి ఎంత అనేది మీ ఊళ్ళో దర్జీ తీసుకునే కూలిని బట్టి మీరే వేసుకోండి. అడిగినవాళ్ళకి దారం ఖర్చుతో పాటు ఈ అంకె కూడా చెప్పండి. దగ్గరివాళ్ళకి ఊరికే ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, అది వేరే లెక్క. కానీ అంకె మీకు తెలిసి ఉండాలి.

మొదటి వస్తువుగా గలేబు ముందువైపు ఒక్కటి అల్లండి, వెనకవైపు మామూలు గుడ్డ కుట్టించుకోవచ్చు. బుడిపెల వరసలను అంచుకి ఆనించకుండా పైనా కిందా రెండేసి సాదా వరసలు, పక్కల అయిదారు సాదా కుట్లు వదలండి, కుట్టు మిషను పాదం బుడిపె ఎక్కలేదు. అన్నం తినే పళ్ళెం కింద వేసే బల్లగుడ్డకి మాత్రం ఈ కుట్టు వద్దు, గ్లాసు నిలబడదు.

ఉతకడం కూడా అల్లికలో భాగమే అనుకోండి. గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు కలిపి ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీయండి. దండెం మీద వేలాడదీస్తే తడి బరువుకి నేల సాగి, బుడిపెలు కిందికి వాలిపోతాయి. పొడి తువ్వాలు మీద చదునుగా పరిచి, మూలలు కొలత చూసి సర్ది, ప్రతి బుడిపెనూ వెనక నుంచి వేలితో ముందుకి తోసి నీడలో ఆరనివ్వండి. ఇస్త్రీ పెట్టె పైన పెట్టవద్దు. నూలైతే అణిగిన బుడిపెలు మళ్ళీ తడిపితే కొంతవరకు లేస్తాయి. అక్రిలిక్ ఊలైతే వేడికి పోగు సత్తువ పోయి చప్పబడిపోతుంది, తర్వాత ఎన్నిసార్లు తడిపినా ఆ బుడిపె లేవదు.